వీధంతా పోయిందా, మీ ఇంట్లోనేనా?

సంపాదకులకు నమస్కారం.

కరెంటు హెచ్చుతగ్గుల వల్లే కంప్యూటర్లు పాడవుతున్నాయని, పిల్లలు ఆడుకునే ఆటలు మధ్యలో ఆగిపోవడానికి కూడా అదే కారణమని ఈమధ్య మీ జిల్లా పేజీలో ఒక రిపేరు షాపు ఆయన చెప్పినట్టు వేశారు. నాది కావలి. కరెంటు బోర్డులో లైన్‌మన్‌గా చేరి, లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైనవాణ్ణి. అది చదివి రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు మా ఆవిడ "ఆ గొణుగుడేందో కాగితం మీద పెట్టండి, నా చెవులన్నా బాగుపడతాయి" అంటే కూర్చున్నాను.

డిపార్టుమెంటును వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. మా వాళ్ళ లోపాలు నాకు తెలిసినంతగా మీకు తెలియవు. తుమ్మలపెంట వైపు రొయ్యల గుంటల్లో నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లన్నీ ఒక్కసారి వేస్తే లైను చివర వోల్టేజి ఎట్లా కుంగుతుందో కళ్ళారా చూసినవాణ్ణి. అయితే సరిగ్గా ఇదే జబ్బుకు, ఇదే మాట చెప్పి, మా ఇంట్లో 7,900 రూపాయలు ఖర్చు పెట్టించారు. చివరికి తేలిందేమంటే సప్లైలో దోషమే లేదు.

మా మనవడు ఇంజనీరింగు రెండో సంవత్సరం. రోజూ రైల్లో నెల్లూరు పోయి వస్తాడు. పోయిన డిసెంబరులో ఒక సీనియరు దగ్గర జీటీఎక్స్ 1660 సూపర్ అనే గ్రాఫిక్స్ కార్డు, అంటే తెర మీద ఆట బొమ్మలు గీసే కార్డు, సెకండ్‌హ్యాండులో కొనుక్కున్నాడు. సంక్రాంతి సెలవులంతా హాయిగా ఆడుకున్నాడు. ఆటలాడితే పిలకాయలు చెడిపోతారనే వాళ్ళకు నేనేం చెప్పను. మా కాలంలో పేకాటకు పోయి చెడిపోయిన వాళ్ళ లెక్క తీస్తే ఈ కంప్యూటరు ఆట ఎంతో నయం. ఏప్రిల్ నడిమిలో మొదలైంది గొడవ. ఆడతా ఉంటే తెర మీద బొమ్మ బిగుసుకుపోతుంది. రెండు మూడు సెకన్లు నల్లగా అవుతుంది. ఆట మూసుకుపోయి డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. వెనక వాడు పెట్టుకున్న పాట మాత్రం ఆగదు.

ఊళ్ళోనే ఒక షాపుకు తీసుకుపోయాడు. వాళ్ళు పెట్టె విప్పకుండానే "వోల్టేజి ఫ్లక్చువేషన్" అన్నారంట. స్టెబిలైజరు 2,200. వారానికి మళ్ళీ అదే. ఈసారి ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటరు లోపల భాగాలకు కరెంటు అందించే డబ్బా, మార్చారు, 4,900. అయినా అదే. విండోస్ ఫార్మాట్ కొట్టారు, అంటే అంతా తుడిచేసి మళ్ళీ ఎక్కించారు, 800. మూడు రోజులు బాగుండి నాలుగో రోజు మళ్ళీ మొదటికొచ్చింది. అప్పుడు "కార్డే పోయింది, కొత్తది 22 వేలవుద్ది" అన్నారు. ఆ మాట మా కోడలు నా చెవిన వేసింది. అంతవరకు నన్ను అడిగినవాడు లేడు. తాతకు స్తంభాలు తప్ప ఏం తెలుసు అనుకున్నట్టున్నారు.

కరెంటు పోయిందని ఎవరన్నా ఆఫీసుకు ఫోను చేస్తే లైన్‌మన్ మొట్టమొదట అడిగే మాట ఒకటుంది. "వీధంతా పోయిందా, మీ ఇంట్లోనేనా?" ఒక్క ఇంట్లోనే అయితే సర్వీసు వైరో, కటౌటులో ఫ్యూజో. వీధంతా అయితే ట్రాన్స్‌ఫార్మరు దగ్గర. ఊరంతా అయితే ఫీడరు, అంటే సబ్‌స్టేషను నుంచి వచ్చే పెద్ద లైను. ఈ ముక్క అడగకుండా నిచ్చెన భుజానేసుకుని బయల్దేరేవాడు రాత్రంతా తిరుగుతాడు. మనవణ్ణి కూడా అదే అడిగాను.

"ఆట పోయినప్పుడు పెట్టె మొత్తం ఆగి మళ్ళీ లేస్తా ఉందా, ఆట ఒక్కటేనా?"

"ఆట ఒక్కటే తాతా. పాట వస్తానే ఉంటది."

సగం జవాబు అక్కడే వచ్చేసింది. కరెంటు కుంగినా, ఎస్‌ఎంపీఎస్ చేతులెత్తేసినా చాలావరకు మొత్తం ఠక్కున ఆరిపోవాలి, లేదా దానంతటది మళ్ళీ మొదట్నుంచి లేవాలి. ఫ్యాన్లు తిరుగుతూ, పాట పాడుతూ, ఆట ఒక్కటే పోయిందంటే ఆరింది ఒక్క గదిలో దీపమే. దానికి సబ్‌స్టేషను మీద పడితే ఎట్లా?

సబ్‌స్టేషనులో దోషం వస్తే లైను కోసేసే బ్రేకర్లలో ఏది ఎన్ని గంటలకు, దోషాన్ని పసిగట్టే ఏ రిలే మీద కొట్టేసిందో లాగ్‌షీటులో రాస్తారు. కంప్యూటరులో అట్లాంటిదేమన్నా ఉందా అని అడిగితే, ఈవెంట్ వ్యూయర్ అని తీశాడు. ఎంత బాగా రాసుకుంటుందో! విండోస్‌లో ఒక కాపలా ఉంది. గ్రాఫిక్స్ కార్డును ఏదన్నా పని అడిగి రెండు సెకన్లు చూస్తుంది. పలకకపోతే దాన్ని నడిపే డ్రైవరు అనే సాఫ్ట్‌వేర్‌ను ఆపి మళ్ళీ లేపుతుంది. లేపానని 4101 నంబరుతో ఒక పద్దు రాస్తుంది. మొత్తం యంత్రమే చెప్పాపెట్టకుండా ఆగిపోతే మళ్ళీ లేచాక రాసే పద్దు వేరు, కెర్నల్ పవర్ 41 అని. ఫార్మాట్ కొట్టడంతో అంతకు ముందు లాగంతా గంగలో కలిసింది. ఉన్నది మూడు వారాలదే. అందులో 4101లు పదకొండు. 41 ఒక్కటి. ఆ ఒక్కటీ ఏ రోజని చూస్తే గాలివానకు ఫీడరు పోయి ఊరంతా చీకటైన సాయంత్రం. ఇది చూడటానికి అయిదు నిమిషాలు పట్టింది, దమ్మిడీ ఖర్చు లేదు.

అయినా నేను కరెంటు మనిషిని కాబట్టి కొలవందే నిద్ర పట్టదు. నాలుగు రోజులు మూడు పూటలా మల్టీమీటరు పెట్టాను. తక్కువలో తక్కువ 214 వోల్టులు, ఎక్కువలో ఎక్కువ 236. షాపు వాళ్ళు తీసేసిన పాత ఎస్‌ఎంపీఎస్ లేబులు మీద 100 నుంచి 240 దాకా అని ఉంది. క్షణంలో వచ్చిపోయే డిప్పును మల్టీమీటరు పట్టలేదు, ఒప్పుకుంటాను. ఆ డిప్పే వచ్చుంటే లాగులో 41 ఉండాలిగా. తర్వాత ఎక్స్‌టెన్షను బోర్డు వైరు పైతొడుగు జానెడు చీల్చి, ఒక్క తీగను బయటికి లాగి, తీగ చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచే నా పాత టాంగ్ టెస్టరు తగిలించాను. రెండు తీగలకు కలిపి పెడితే సున్నానే చూపిస్తుంది, ఇది చదివి ఎవరన్నా చేస్తారేమోనని చెబుతున్నాను. చేసినా తొడుగు చీల్చేముందు ప్లగ్గు పీకండి. ఆట జోరుగా ఉన్నప్పుడు 1.1 ఆంపియర్లు. అంటే 250 వాట్ల చుట్టుపక్కల. పాత ఎస్‌ఎంపీఎస్ 450 వాట్లది. దానికి అదేం బరువు?

సప్లై కాదు, ఎస్‌ఎంపీఎస్ కాదు. ఇక వాణ్ణి కూర్చోబెట్టి, మా రైతులను అడిగినట్టు అడిగాను. ఈ అడగడం గురించి కొంచెం చెప్పాలి. అయిదు హెచ్‌పీ మోటారుకని రాయించుకుంటారు, ఏడున్నర పెట్టుకుంటారు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు పోతా ఉంటే రెండు పోగులు మెలేసి కడతారు. కాయిలు కాలిపోయాక మన దగ్గరకొచ్చి "ఏమీ చెయ్యలేదన్నా, దానంతట అదే పోయింది" అంటారు. వాళ్ళు అబద్ధమాడుతున్నారని కాదు. మూడేళ్ళ కింద పెట్టిన మోటారు వాళ్ళ లెక్కలో మామూలైపోయింది, అంతే. అందుకే "ఏం మార్చావు" అని అడక్కూడదు. "మొదట్లో ఎట్లా ఉండేది, ఇప్పుడెట్లా ఉంది" అని అడగాలి.

అట్లా అడిగితే బయటికొచ్చింది. సంక్రాంతి సెలవుల్లో వీడి స్నేహితుడొకడు ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి, కార్డులో లెక్కలు చేసే కోరుకు 140 మెగాహెర్ట్జ్ వేగం, మెమరీకి 900 అదనంగా కలిపి, కంప్యూటరు వేయగానే దానంతటదే అమలయ్యేట్టు టిక్కు పెట్టిపోయాడు. ఓవర్‌క్లాక్ అంటారంట. కంపెనీ పెట్టిన వేగానికి మించి తోలడం. దానికొచ్చే లాభం, సెకనుకు 60 ఫ్రేములు, అంటే బొమ్మలు, వచ్చే చోట 64. ఫార్మాట్ కొట్టిన మూడో రోజు వీడు అదే సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించి, ఫోనులో ఫోటో తీసిపెట్టుకున్న అవే అంకెలు మళ్ళీ కొట్టాడు. "మూడు రోజులు బాగుండింది" అన్నదాని గుట్టు అది!

"షాపులో చెప్పలేదేంరా?"

"వాళ్ళు అడగలేదు తాతా. అయినా అది కార్డు స్పీడే కదా అనుకున్నా."

ఏడున్నర హెచ్‌పీ మోటారు.

వాడి వాదన కూడా రాయాలి, లేకపోతే అన్యాయం. జనవరి నుంచి మూడు నెలలు అవే అంకెలతో బాగా నడిచిందిగా అన్నాడు. కార్డు మీద కావాలని బరువు మోపి చూసే స్ట్రెస్ టెస్టు అరగంట పెడితే పాసయిందన్నాడు. పాత ఆట ఒకటి గంటలు గంటలు నడుస్తుందన్నాడు. మూడూ నిజమే. వాటి జవాబు తర్వాత చెబుతాను, ముందు పరీక్ష ఎట్లా చేశామో చెప్పాలి.

1989 నవంబరులో తుఫాను మా కావలి దగ్గరే తీరం దాటింది. అప్పుడు నేను లైన్‌మన్‌ను. స్తంభాలు నాటి, తీగ లాగి, ఫీడరు మొత్తానికి ఒక్కసారి కరెంటు వదిలితే నిలిచేది కాదు. లైనును ముక్కలుగా విడదీసే ఏబీ స్విచ్‌లన్నీ ఓపెన్ చేసుకుని, సబ్‌స్టేషను దగ్గర్నుంచి ఒక్కో ముక్కే కలుపుకుంటూ పోయాం. ఏ ముక్క కలిపినప్పుడు బ్రేకరు కొట్టేసిందో, దోషం ఆ ముక్కలోనే. రెండు ముక్కలు ఒకేసారి కలిపిన రోజు మా ఫోర్‌మన్ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. షాపు వాళ్ళు నెలన్నరలో చేసింది ఆ తప్పుకన్నా పెద్దది. అన్ని ముక్కలూ కలిపే ఉంచి, దారిన కనిపించిన ఇన్సులేటరల్లా మార్చుకుంటూ పోయారు.

నోటుబుక్కులో గీతలు కొట్టి మొదలుపెట్టాం. ముందు అన్నీ సున్నా చేశాం, అంటే కంపెనీ వేగం. మూడు రోజులు, కావాలనే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆడించాను. చల్లగా ఉన్నప్పుడు పరీక్షించి లాభం లేదు. మంచు పడే వేళ మాత్రమే కొట్టేసి, ఎండెక్కితే నిలబడే ఫీడర్లను చాలా చూశాను. పగిలిన ఇన్సులేటరు తడిస్తేనే బయటపడుతుంది. దోషం ఏ వేళ వస్తుందో ఆ వేళే పట్టుకోవాలి. మూడు రోజులూ ఒక్కసారి పోలేదు.

నాలుగో రోజు కోరుకు మాత్రం 140, మెమరీ సున్నా. పదిహేడు నిమిషాలకు పోయింది. మళ్ళీ పెడితే నలభై నిమిషాలకు. లాగులో 4101 రెండు. అయిదో రోజు తిరగేశాం, కోరు సున్నా, మెమరీ 900. పోలేదు. వాడు సంబరపడ్డాడు. కానీ మెమరీని 400కు దింపి చూస్తే ఫ్రేములు 900 మీదకంటే ఎక్కువే వచ్చాయి. ఈ రకం మెమరీ తను మోసే లెక్కలో తప్పు దొర్లితే కనిపెట్టి మళ్ళీ పంపించుకుంటుందంట. మరీ వేగంగా తోలితే తప్పులెక్కువై, పంపిందే పంపుకుంటూ కూర్చుంటుంది. అంకె పెద్దది, పని తక్కువ. మా వాడికి ఆట పోవడం కంటే ఈ సంగతి ఎక్కువ బాధ కలిగించింది.

ఇక ఎండ సంగతి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ రోహిణిలోనే మేం ఈ పరీక్షలు చేసింది. జనవరిలో వాడు తీసిన ఫోటోలో కార్డు వేడి 69 డిగ్రీలు. మేలో 83. ఈ కార్డు 83 దగ్గర తనను తాను వెనక్కి లాక్కునేట్టు చేసి పంపుతారు. అంతకు ముందు నుంచే వేడెక్కే కొద్దీ కొంచెం కొంచెం వేగం తగ్గించుకుంటూ వస్తుంది. పాపం, దాని తెలివి దానికుంది. మనం పైన పెట్టిన 140 మాత్రం తగ్గదు, అది ఎప్పుడూ నెత్తిమీదే ఉంటుంది. వేడిలో ఉన్న చిప్పు అదే వేగం నిలబెట్టుకోవాలంటే వోల్టేజి ఇంకాస్త కావాలి. పుష్యమాసంలో సరిపోయిన వోల్టేజి జ్యేష్ఠంలో చాల్లేదు. కార్డు చెడలేదు, ఋతువు మారింది.

స్ట్రెస్ టెస్టు పాసవడంలో కూడా వింతేమీ లేదు. అది ఒకే బరువును అరగంట మోయించడం. ఆటలో బరువు క్షణానికొక రకం. తలుపు తీస్తే ఎండ, మూస్తే చీకటి, మధ్యలో మెనూ. బరువు తగ్గగానే కార్డు పై వేగానికి ఎగురుతుంది, మళ్ళీ బరువు పడుతుంది. నడిచే మోటారుకు ఫ్యూజు పోదు, స్టార్టు చేసేటప్పుడు పోతుంది. పాత ఆట నడుస్తోందంటే దానికి ఆ కార్డు చిటికెన వేలితో సమానం.

ఒకరోజు వాడు కొత్త ఆలోచన తెచ్చాడు. ఆ సాఫ్ట్‌వేర్‌లోనే వోల్టేజి పెంచే మీట కూడా ఉంది, అది జరిపితే 140 మీద కూడా నిలబడొచ్చు అని. ఫ్యూజుకు రెండో పోగు మెలేయడమే అది. వద్దన్నాను. బదులుగా పెట్టెను గోడ గూట్లోంచి బయటికి లాగించాను. వెనక గోడ, పక్కన పుస్తకాలు, ముందు అద్దం. దానికి ఊపిరాడేదెట్లా? ప్లగ్గు పీకి, బ్రష్షు పెట్టి కార్డు రెక్కల్లోని దుమ్ము తీశాను. మాది రోడ్డు పక్క ఇల్లు, పిడికెడు వచ్చింది. దుమ్ము తీసేటప్పుడు ఫ్యాను గిర్రున తిరక్కుండా వేలు అడ్డం పెట్టాలి. 83 కాస్తా 76కు దిగింది. ఆ తర్వాత అంకెల మీద బేరం పడింది. నేను సున్నా అన్నాను, వాడు 100 అన్నాడు, 45 దగ్గర తెగింది. మెమరీ 400.

తాము ఏమీ పెంచకపోయినా ఆట పోతోందనే వాళ్ళకు ఒక మాట. పేరు చివర ఓసీ (ఓవర్‌క్లాక్) అని ఉండే కార్డులు కంపెనీ వాళ్ళే కాస్త పెంచి పంపినవి. ఎన్విడియా కంపెనీ కార్డయితే దాని కంట్రోల్ ప్యానెల్‌లో హెల్ప్ కింద డీబగ్ మోడ్ అని ఉంటుంది. అది పెడితే ఆ పెంపు కూడా తీసేసి అసలు వేగానికి దింపుతుంది. దాంతో నిలబడితే జవాబు దొరికినట్టే. అన్నిసార్లూ దోషం కార్డులోనే ఉంటుందని కూడా అనుకోకూడదు. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు కొన్నింటిలో ఆటలు ఆగిపోయి, "వీడియో మెమరీ చాల్లేదు" అని తెర మీద వచ్చేది. జనం కార్డుల మీద పడ్డారు. తీరా చూస్తే ప్రాసెసరుకు అందే వోల్టేజి ఎక్కువై అది దెబ్బతింటోందని 2024లో ఇంటెల్ వాళ్ళే ఒప్పుకుని, ఆగస్టులో మైక్రోకోడ్ (ప్రాసెసరు లోపలి ఆజ్ఞలు) సవరణ ఇచ్చి, వారంటీ రెండేళ్ళు పెంచారు. నొప్పి ఒకచోట, మందు ఇంకొకచోట అయ్యే ప్రమాదం అందరికీ ఉంది. అక్కడ మనిషి చెయ్యగలిగింది ఒక్కో స్విచ్ ఓపెన్ చేసి చూడడమే.

రిపేరు షాపుల వాళ్ళమీద నాకు కోపం లేదు. పొద్దస్తమానం జనం, ఒక్కో పెట్టె మీద మూడేసి రోజులు కూర్చోవడం వాళ్ళ వల్ల కాదు. కానీ పెట్టె బల్ల మీద పెట్టగానే "స్పీడేమన్నా పెంచావా బాబూ" అనే ఒక్క మాట అడగడానికి అరనిమిషం చాలు. ఫార్మాట్ కొట్టేముందు ఆ లాగు ఒకసారి చూడమనండి. బిల్లులో "ఎస్‌ఎంపీఎస్ మార్చడమైనది" అని రాస్తారు కదా, దాని పక్కనే "పాతది ఇట్లా కొలిచాం, ఇంత వచ్చింది" అని కూడా ఒక ముక్క రాయమనండి. మేం పోల్ ఎక్కేముందు లైనులో కరెంటు ఆపినట్టు లైన్ క్లియర్ పుస్తకంలో రాసి సంతకం పెట్టేవాళ్ళం, అదేం నామోషీ కాలేదు. ఇంకొకటి తమరికి. కరెంటు వల్లే అని ఎవరన్నా చెబితే వేయండి, తప్పులేదు. పక్కనే సెక్షన్ ఆఫీసులో ఒక మనిషిని కూడా అడిగి వేయండి.

స్టెబిలైజరును ఫ్రిజ్జుకు తగిలించాం. పాత ఎస్‌ఎంపీఎస్ బంగారంలా ఉంది, బీరువా మీద పెట్టాను. షాపు వాళ్ళు కొత్తదాన్ని వెనక్కి తీసుకునేది లేదన్నారు.

వాడి ఆటల్లో ఒకటి మాత్రం ఇప్పటికీ ఒకే వంతెన దగ్గర పోతోంది, అన్నీ సున్నా పెట్టినా సరే. లాగులో 4101 లేదు. కార్డు వేడి 71. ఆట రాసినవాళ్ళదే తప్పు తాతా, అప్‌డేట్ వస్తదిలే అంటున్నాడు. కావచ్చు. ఆదివారం ఆ వంతెన దగ్గర ఒకసారి కూర్చుని చూడాలి.

ఇట్లు,
విశ్రాంత లైన్ ఇన్‌స్పెక్టరు,
కావలి, నెల్లూరు జిల్లా.